ఎదురింట్లో మా బొంతలు

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా నాన్న టిఫిన్ సగంలో వదిలేసి ఎదురింటికి పోట్లాటకు వెళ్లేవారు. పోట్లాటంటే ఆస్తి గొడవ కాదు, పాట గొడవ. కూకట్‌పల్లి దాటితే బండరాళ్లూ తుప్పలే ఉన్న రోజులవి. ఫ్యాక్టరీ వాళ్లు కట్టిచ్చిన క్వార్టర్లలో మాదొకటి, మా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా మామయ్యదొకటి. సొంత మామయ్యేం కాదు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం, ఆయన మెదక్ వైపు మనిషి. మా అమ్మ ఆయన్ను అన్నయ్యగారూ అని పిలిచేది కాబట్టి నాకు మామయ్య, మా నాన్నకు బావగారు.

మామయ్యకు రికార్డుల పిచ్చి. రికార్డ్ ప్లేయర్ ఒక్కటే కొన్నది. ఆంప్లిఫయర్ తన చేత్తోనే బిగించుకున్నారు, స్పీకర్లకు టేకు పెట్టెలు దగ్గరుండి చేయించుకున్నారు. ఆ ఆంప్లిఫయర్‌లో వాల్వులుండేవి. గాజు బుడ్ల లోపల తీగలు కాసేపటికి ఎర్రగా కాగేవి. మా నాన్నకు వాల్వులంటే పడదు. కాలం మారింది, ట్రాన్సిస్టర్ సెట్టు పెట్టుకోండి, వేడీ ఉండదు, కరెంటూ ఆదా అని ఈయన. దాంట్లో మనిషి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుందని ఆయన. మా నాన్నకు వాల్వుకీ వంకాయకీ తేడా తెలుసో లేదో నాకిప్పటికీ అనుమానమే గాని, ఓడిపోవడం మాత్రం తెలియదు.

వాళ్ల గొంతులు వీధిలోకి వినబడేసరికి అత్తయ్య, అంటే మామయ్య భార్య, టీ గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టేది. "ఇగ మీ లొల్లి ఆపి పాట ఇనుండ్రి," అనేది. అప్పుడు వీణ రికార్డు పెట్టేవారు. అది ఆవిడకు ప్రాణం. తీగ మీటితే ఆ నాదం సన్నగా సాగి సాగి ఎక్కడో ఆగిపోయేది, అది ఆగాక గాని రెండోది వచ్చేది కాదు. నాకు సంగీతం తెలియదు, ఇప్పటికీ తెలియదు. అత్తయ్య పరుపు మీద గోడకు జారబడి వింటుంటే పక్కన చేరి కునుకు తీయడం మాత్రం బాగా వచ్చు.

ఒక వానాకాలం ఆవిడ జ్వరంతో దవాఖానలో చేరి తిరిగి రాలేదు. వాళ్లకు పిల్లల్లేరు. దినాలప్పుడు ఆనవాయితీ ప్రకారం శయ్యాదానం ఇచ్చారు. మంచం, పరుపు, దిండ్లు, దుప్పట్లు అలా వెళ్లిపోయాయి. అక్కడితో ఆగితే బాగుండేది. మామయ్య ఆవిడ చీరలు, చీరలతో కుట్టిన బొంతలు, గుమ్మాలకు వేసిన తెరలు, చివరికి హాల్లో చాప కూడా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇచ్చేశారు. అవి కళ్లబడితే ఆయన తట్టుకోలేకపోయారు, అంతే. ఇంట్లో మిగిలినవి ఒక మడత కుర్చీ, నాలుగు గిన్నెలు, ఆ పాటల సెట్టు. అమ్మ కూర గిన్నె ఇమ్మని పంపితే నేను ఇచ్చేసి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఆ ఇంట్లో నిలబడాలంటే దిగులుగా ఉండేది.

కొన్నాళ్లకు మామయ్య మళ్లీ రికార్డు పెట్టారు. సగంలోనే తీసేసి, మా గుమ్మంలోకి వచ్చి నాన్నను పిలిచారు. "బావా, సెట్టు ఖరాబయింది. జర నువ్వొచ్చి ఇను."

నాన్న వెళ్లి విన్నారు, వెనకే నేనూ విన్నాను. ఒక తీగ ఆగకముందే ఇంకొకటి దాని మీద పడుతోంది. అన్నీ కలగాపులగమై చెవిలో గీసినట్టుంది. నాన్న తీర్పు అక్కడికక్కడే చెప్పేశారు, సూది అరిగిందని. ఇద్దరూ బస్సెక్కి కోఠీ వెళ్లి కొత్త సూది తెచ్చారు. లాభం లేకపోయింది. మామయ్యకు వాల్వుల మీద అనుమానమొచ్చి కొత్తవి వేశారు. అదీ అంతే. తర్వాత స్పీకర్లో కాగితం వదులైందన్నారు, వైరు సన్నమన్నారు, చివరికి కాలనీకొచ్చే కరెంటులోనే పస లేదని మా నాన్న తేల్చారు. నాకు వాళ్లిద్దరి మీదా ఒళ్లు మండేది. మనిషి పోయిన ఇంట్లో కూచుని ఆ మనిషి పేరు ఒక్కరూ ఎత్తరు, ఎంతసేపూ సూది, వాల్వు, వైరు. ఆ పేరు ఎత్తలేకే ఇవన్నీ ఎత్తుతున్నారని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

ఒక ఆదివారం నాన్న ఎంత రెచ్చగొట్టినా మామయ్య వాదనకు దిగలేదు. "ఇగ నాతోని కాదు బావా," అన్నారు. "దసర అయినంక సెట్టు అమ్మేస్త. నౌకరి ఇడిసి ఊరికి పోత. గా వీణ ఒక్కటి ఇనేటందుకే ఇన్ని దినాలు ఈడ ఉన్న. గది గూడ లేకపాయె." ఊళ్లో ఆయనకున్నది తాళం వేసిన ఇల్లొక్కటే. ఆ సంగతి మాకందరికీ తెలుసు. నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూచున్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మ మా ఇంటికి సున్నాలు వేయించాలని పట్టుబట్టింది. దసరాకింకా బోలెడు రోజులున్నాయి కదా అని నాన్న అంటే చెవినబెట్టలేదు. ఎదురింటి గుమ్మంలో నిలబడి, "అన్నయ్యగారూ, పని అయ్యేదాకా మా సామాను మీ హాల్లో పెట్టుకుంటామండి. మీరు ఊరెళ్లేది ఇప్పుడే కాదుగా," అంది. ఆయన సరేననేలోపే పరుపులు, బొంతలు, బట్టల మూటలు, నవారు మంచాలు, బియ్యం బస్తా అన్నీ చేర్చేసింది. కాలు పెట్టే చోటు మిగల్లేదు. సున్నం వేసేవాడు ఒకరోజు వచ్చి నాలుగు రోజులు రాకపోతే అమ్మ వాణ్ని పల్లెత్తు మాట అనలేదు. పాలల్లో నీళ్లు కలిశాయని వీధంతా వినబడేలా కడిగిపారేసే మనిషి. మా సామాను అక్కడుండగా ఆయన ఇల్లెలా ఖాళీ చేస్తారన్నదే ఆవిడ ఎత్తుగడ అని నాకు తర్వాత తెలిసింది. పాట సంగతి ఆవిడ బుర్రలోనే లేదు.

ఒక సాయంత్రం మేమంతా ఆ మూటల మధ్య ఇరుక్కుని కూచునుంటే మామయ్య ఎందుకో వీణ రికార్డు పెట్టారు. తీగ మోగింది. సన్నగా సాగింది. ఆగింది. ఆ తర్వాతే రెండోది మోగింది. మామయ్య చెయ్యి సూది దగ్గరే గాల్లో ఉండిపోయింది. రికార్డు ఆ వైపు అయిపోయేదాకా ఎవరమూ కదల్లేదు. అయిపోయాక మాత్రం మా నాన్నను పట్టలేకపోయాం. చూశారా, నేను తెప్పించిన సూది ఇప్పటికి సర్దుకుందన్నారు. కాదు, నా వాల్వులు కాగి కాగి దారికొచ్చినయని మామయ్య. చాలా కాలానికి ఇద్దరూ గొంతు చించుకుని అరుచుకుంటుంటే అమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎంత సాగదీసినా సున్నాలు ఒకరోజు అయిపోతాయి కదా. సామాను తెచ్చేసుకున్నాం. ఆ ఆదివారం రికార్డు పెడితే మళ్లీ అదే గోల. సూది అదే, వాల్వులూ అవే. నాన్న సెట్టు ఆపేశారు. మామయ్య లేచి ఖాళీ హాలు మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఇంకోసారి కొట్టారు. నేలనూ గోడలనూ తెరల్లేని గుమ్మాలనూ చూసి కుర్చీలో కూలబడ్డారు.

"సెట్టు మంచిగనే ఉంది బావా," అన్నారు. "ఇల్లు బోసిపోయింది. చప్పుడు గుంజుకునేటందుకు బట్టపాత ఒక్కటి లేదు. ఆమెవన్ని నేనే తీసి అవతల పడేస్తి." మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చారు. అంత పెద్దాయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నాన్న ఏం చేయాలో తోచక ఆగిపోయిన రికార్డునే చూస్తూ కూచున్నారు.

అమ్మ గబగబా ఇంట్లోకెళ్లి మా బొంతలన్నీ ఎత్తుకొచ్చి ఆ హాల్లో కుప్ప పోసింది. "మా ఇంట్లో వీటికి చోటు చాలడం లేదండి. పగలు ఇక్కడే ఉంటాయి. పడుకునే వేళకు పిల్లను పంపి తెప్పించుకుంటాను," అంది. చోటు చాలకేం, మా ఇంట్లో గూళ్లన్నీ ఖాళీయే. ఆ రోజు నుంచి అదే నా ఉద్యోగం. పొద్దున్నే మోసుకెళ్లి పేర్చడం, సాయంత్రం వెళ్లి తెచ్చుకోవడం. సాయంత్రం వెళ్తే పాట అయ్యేదాకా మామయ్య బొంత వదలరు. నేను రాలేదని అమ్మ వచ్చేది, అమ్మ రాలేదని నాన్న వచ్చేవారు, నాన్న వచ్చాక వాల్వుల గొడవ మొదలయ్యేది. దసరా వచ్చింది, పోయింది. ఊరికి పోత అన్న మాట మామయ్య మళ్లీ ఎత్తలేదు.

ఒకసారి మోసీ మోసీ విసుగెత్తి అడిగేశాను. మీకు జీతం వస్తుంది కదా, బొంతలు మీరే కొనుక్కోవచ్చు కదా అని. మామయ్య మెత్తటి గుడ్డతో రికార్డు తుడుస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు, "కొనుక్కుంటే నువ్వెందుకొస్తవు బిడ్డా?"

బొంత నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మేము ఆ క్వార్టర్ వదిలి వెళ్లేదాకా ఆయన ఒక్క బొంత కూడా కొనలేదు.

ఇప్పుడు నేనుండేది రాయదుర్గంలో, కిటికీలోంచి మెట్రో ఆఖరి స్టేషన్ కనబడే ఎత్తులో. మా ఆయన పోయాక ఒక్కదాన్నే. ఎదుటి ఫ్లాట్‌లో కర్నూలు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక్కడే ఉంటాడు. అతనికీ పాటల పిచ్చే. ఒకరోజు లిఫ్ట్‌లో వాపోయాడు, అంత ఖరీదు పెట్టినా సౌండ్ సరిగా రావడం లేదని, ఆంప్లిఫయర్ మార్చమని కొందరు, కేబుల్ మార్చమని కొందరు ఫోన్లో వాదించుకుంటున్నారని. నా ప్రాణం లేచొచ్చింది. వెళ్లి చూస్తే ఒక వైపంతా అద్దాలు, నున్నటి టైల్స్, మనిషెత్తు స్పీకర్లు, ఒక కుర్చీ. చప్పట్లు కొట్టి వినిపించాను. నా బొంతలు తెచ్చి పరిచి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానులే అన్నాను. పాట బాగుపడింది. కొన్నాళ్లు నాకు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది.

తర్వాత ఆ అబ్బాయి ఆన్‌లైన్‌లో స్పాంజి పలకలు తెప్పించి గోడలకు అంటించుకున్నాడు. బొంతలు చక్కగా మడతపెట్టి తెచ్చిచ్చాడు. "మీకింక శ్రమ లేదులే ఆంటీ, నేనే కొనేసినాను," అన్నాడు. మంచి పిల్లవాడు, తప్పు పట్టడానికేం లేదు. తలుపు వేసుకున్నాక ఆ బొంతలు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మామయ్య దగ్గర నేర్చుకున్నది మాత్రం వదల్లేదు. ఏదో ఒకటి ఇంట్లో లేకుండా చూసుకుంటాను. నాకు నిచ్చెన లేదు, కొనను. మొన్న వంటింట్లో బల్బు పోతే ఎదుటి తలుపు తట్టాను. అబ్బాయి వచ్చి కుర్చీ ఎక్కి మార్చాడు. కాఫీ ఇస్తే కూచుని కొత్త ఆంప్లిఫయర్ గురించి చెప్పుకొచ్చాడు. నాకేం తెలుసని, అయినా వాల్వులే మేలని గట్టిగా వాదించాను. నవ్వుకుంటూ లేచి, గుమ్మం దగ్గర ఆగి, "చిన్న నిచ్చెన ఒకటి ఆర్డర్ పెట్టమంటారా ఆంటీ?" అని అడిగాడు.

వద్దులే నాయనా అన్నాను. బల్బు మళ్లీ పోతే మళ్లీ పిలుస్తాను. కానీ ఈ కొత్త రకం బల్బులు ఓ పట్టాన మాడిపోవు.