రెండే సీట్ల బండి

మా అత్తగారు దీపావళికి ముందు వారం పోయారు. పొద్దున్నే వసారాలో పేపరు చదువుతూ, కాఫీ సగం తాగి, అలా కుర్చీలోనే. బందరులో ఆవిడ పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు నడిపే తెల్లజుట్టావిడ అంటే కోనేరు సెంటరులో ఎవరైనా గుర్తుపడతారు. జిల్లా కోర్టులో గుమాస్తాగా చేరి, నోరున్న లాయర్లని కూడా తన బల్ల ముందు నిలబెట్టి కాగితాలు సరిచేయించిన మనిషి. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే మనిషి కంటే ముందు ఆ బండే గుర్తొస్తోంది. ఆవిడ ఏమీ అనుకోరులెండి.

రిటైరయ్యాక కాశీ వెళ్తారనుకున్నాం. ఆవిడ గుడివాడ వెళ్ళి కారు కొనుక్కొచ్చారు. సెకండ్ హ్యాండ్ బండి. అక్కడొక డాక్టరుగారు మోజుపడి కొనుక్కుని, నాలుగుసార్లు ఎక్కి దిగేసరికి నడుం పట్టేసి, షెడ్డులో పెట్టి తాళం వేశారట. నేలకి జానెడెత్తులో ఉండే బండి. ఎక్కడమంటే పీట మీద కూలబడటమే. మామగారు ఉన్న రోజుల్లో వాళ్ళ పాత కారు మీద డ్రైవింగ్ నేర్చుకున్నారట ఆవిడ. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి సీటు అంచు మీద ఆనించి లోపలికి జారుతుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

మా ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "అమ్మా, ఇందులో రెండే సీట్లున్నాయి. ఇంట్లో మనం ముగ్గురం," అన్నారు.

"నీకు బస్సుంది కదరా," అన్నారావిడ.

అందరూ నవ్వారు. ఈ వయసులో ఇదేం చాదస్తం అన్నారు. నేనూ మనసులో అదే అనుకున్నాను.

అప్పటికి మా పాప పోయి ఏడాది కాలేదు. పేరైనా పెట్టకముందే పోయింది. నేను గది దాటి వచ్చేదాన్ని కాదు. వస్తే హాల్లో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. చెడ్డవాళ్ళేం కాదు, నా మేలు కోరేవాళ్ళే. ఫలానా గుడిలో ప్రదక్షిణలు చెయ్యమనేవారు ఒకరు, ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదనేవారు ఒకరు, మా మరదలికీ ఇలాగే అయ్యి తర్వాత కవలలు పుట్టారని ఇంకొకరు. అందరికీ తలూపి, లోపలికెళ్ళి తలుపేసుకునేదాన్ని. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి టీవీ పెట్టుకునేవారు. ఆ ఇంట్లో పాప గురించి అందరూ మాట్లాడారు, మేమిద్దరం తప్ప.

ఒకరోజు అత్తగారు నా గది తలుపు కొట్టారు. "బండిని సర్వీసుకి బెజవాడ తీసుకెళ్తున్నాను. తోడు రా అమ్మాయ్."

"ఆయన్ని తీసుకెళ్ళండి అత్తయ్యగారూ."

"వాడికి ఇంజనాయిలుకీ నువ్వులనూనెకీ తేడా తెలీదు. నువ్వే రావాలి."

హాల్లో అప్పటికే కాఫీ తాగుతూ కూర్చున్న మామగారి చెల్లెలు, "నేనూ వస్తాను వదినా, దారి పొడుగునా అమ్మాయికి నాలుగు మంచిమాటలు చెప్పినట్టుంటుంది," అని చెప్పుల కోసం చూసుకున్నారు.

"ఎక్కడ కూర్చుంటావమ్మా, డిక్కీలోనా?" అన్నారు అత్తగారు.

బండి గేటు దాటాక గానీ నాకు తట్టలేదు, ఆవిడ వెతికి వెతికి రెండే సీట్ల బండి ఎందుకు కొన్నారో.

బెజవాడ షోరూములో మా కోసం ఏసీ గది, కాఫీ మిషను అన్నీ ఉన్నాయి. ఆవిడ అందులో కూర్చోరు. బండిని పైకెత్తిన చోటే ఒక కుర్చీ వేయించుకుని, కోర్టులో సాక్షిని విన్నట్టు వినేవారు. ఆ మొదటిసారి సర్వీస్ అడ్వైజరు, మర్యాద తెలిసిన కుర్రాడు, కొంచెం ఇబ్బందిగా చెప్పాడు.

"టైర్లు మార్చాలి మేడమ్, పగుళ్ళొచ్చాయి. తలుపుల రబ్బర్లు గట్టిపడిపోయాయి. బ్యాటరీ కూడా పోయిందండీ."

"మీటరు చూస్తే అసలు తిరిగిన బండే కాదు కదయ్యా. ఇవన్నీ ఎలా పోయాయి?"

"తిరగకపోబట్టేనండీ. నిలబెట్టేసిన బండికి ముందు పోయేవి అవే."

"అయితే అరగలేదు, పాడయ్యాయి," అన్నారావిడ. నా వైపు చూస్తారేమోనని నాకు ఒక్క క్షణం భయం వేసింది. చూడలేదు. పైనున్న బండి వైపే చూస్తూ, "మార్చెయ్యి నాయనా," అన్నారు.

అక్కడి నుంచి ప్రతి సర్వీసులో అదే ప్రశ్న. అరిగిందా, పాడైందా? బ్రేకు ప్యాడ్లు అరిగాయంటే సంబరపడేవారు. టైర్లు అరిగాయంటే ఎక్కడెక్కడ తిరిగామో నాకు చెప్పి మురిసిపోయేవారు. "అరిగితే వాడుకున్నాం అనుకోవచ్చు. ఏమీ చెయ్యకుండానే పాడైతే నా ప్రాణం ఒప్పుకోదు," అనేవారు. అడ్వైజరు కుర్రాడికి కూడా చివరికి ఆ భాషే అలవాటైపోయింది.

తిరుగు ప్రయాణం మాత్రం హైవే మీద కాదు. కృష్ణ పక్కనే సాగే కరకట్ట మీదుగా, పమిడిముక్కల వైపు నుంచి మా కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం ఊరు చేరి, అక్కడి నుంచి చల్లపల్లి, ఆపైన ఇల్లు. సర్వీసు సరిగ్గా చేశారో లేదో గతుకుల మీదే తెలుస్తుందట. ఆ మొదటిసారి కరకట్ట ఎక్కి కొంత దూరం వచ్చాం. తర్వాత ఆవిడే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు.

"ఉప్పెనలో మా చెల్లెలు పోయింది. దివిసీమలో మా పుట్టింట్లో. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. బందరులో పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ కాఫీలు కలిపిచ్చాను. వాళ్ళందరూ ఏడ్చి వెళ్ళారు. నా వంతు రానేలేదు."

ఎదురొచ్చిన ఎడ్లబండికి దారిచ్చి, మళ్ళీ ఆవిడే అన్నారు.

"ఈ పక్క సీటు నీదమ్మాయ్. నడిపేవాళ్ళు రోడ్డే చూడాలి, పక్కకి చూడకూడదు. నీ ఇష్టం వచ్చినట్టు ఉండు."

పాప పోయాక నేను గొంతెత్తి ఏడ్చింది ఆ సీట్లోనే. ఆవిడ ఊరుకోబెట్టలేదు. చెయ్యి పట్టుకోలేదు. గేరు మారుస్తూ, గోతులు తప్పిస్తూ, నడుపుతూనే ఉన్నారు. కోతల కాలం కావడంతో శ్రీకాకుళం ఇవతల రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. లారీలు, బస్సులు దాని మీంచే వెళ్ళిపోతాయి. ఆవిడ బండి ఆపి, ఇంజను కట్టేశారు.

"పోనివ్వండమ్మగారూ, మీ బండికి గింజలు నలగవులెండి," అని అరిచాడు గట్టు మీది రైతు.

"నలక్కపోయినా తినేదాని మీదికి ఎక్కించను బాబూ. నిదానంగానే తియ్యి, మాకేం తొందర లేదు," అన్నారావిడ.

ఆ రైతు చెక్కపారతో ధాన్యం రెండు పక్కలకీ లాగి దారి చేసేదాకా ఆగాం. నాకు ఆ కాస్త సమయం కావలసి వచ్చింది. ఆవిడకి అది తెలుసు.

తర్వాత్తర్వాత ఆ రైతు మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టేవాడు. ఎంత దారి చేసినా గింజలు ఎగిరి బండిలో ఎక్కడెక్కడో ఇరుక్కునేవి. ఒక వానాకాలం సర్వీసులో మెకానిక్కులు వైపర్ల కింది ప్లాస్టిక్ ఊడదీసి, ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుని ఒకటే నవ్వులు. అడ్వైజరు పరుగున వచ్చాడు. "మేడమ్, మీ బండిలో వరి మొలిచిందండీ!" నీళ్ళు పోయే కంతలో మట్టి పేరుకుని, అందులో పచ్చగా నాలుగు మొలకలు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఎన్నాళ్ళకి నవ్వానో. అత్తగారు వాటిని కాఫీ కప్పులో పెట్టించి నా ఒళ్ళో పెట్టారు. "ఒలకనీకు," అన్నారు. బందరు దాకా రెండు చేతులతో పట్టుకునే వచ్చాను. పెరట్లో బకెట్లో నాటితే కంకి వేసింది కూడా. పిచ్చుకలు తినేశాయి.

ఆదివారం వస్తే ఆవిడ కొంగు దోపి, పైపు పట్టి బండి అడుగంతా కడిగేవారు. బందరు ఉప్పుగాలికి ఇనుము నిలవదు మరి. స్పీడ్ బ్రేకరు కనిపిస్తే బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రమే దింపుతూ, వెనక ఎన్ని హారన్లు మోగినా తొణికేవారు కాదు. మంగినపూడి బీచి రోడ్డులో నాకూ నడపడం నేర్పారు. ఆ ఏడాది క్లచ్ తొందరగా పోయింది. "ఎవరో క్లచ్ మీద కాలు తియ్యకుండా నడుపుతున్నారండీ," అన్నాడు అడ్వైజరు. "నేనేనయ్యా, పెద్దదాన్నయ్యాను," అన్నారు అత్తగారు, నా వైపు చూడనైనా చూడకుండా.

ఏళ్ళు గడిచేకొద్దీ బండి ఆవిడలా తయారైంది. గేరు రాడ్డు తల మీది అంకెలు చెరిగిపోయాయి. స్టీరింగు మీద బొటనవేలు ఆనే చోట తోలు నున్నగా మెరిసేది. జారి కూర్చునేటప్పుడు చెయ్యి ఆనించే సీటు అంచు పూర్తిగా అరిగి, లోపలి గుడ్డ కనబడేది. కొత్త తోలు వేస్తామని షోరూము వాళ్ళు ప్రతిసారీ అడిగేవారు. "వద్దు నాయనా, నా చెయ్యి ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు," అనేవారు. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తే ధైర్యం మాత్రం మా గుమ్మంలో ఎవరికీ లేకపోయింది.

ఆవిడ పోయాక ఇల్లంతా మళ్ళీ పలకరింపులు. నేను కాఫీలు కలుపుతూనే ఉన్నాను. మా ఆయన వసారాలో, ఆవిడ కుర్చీ పక్కన కూర్చుని వచ్చినవాళ్ళకి దణ్ణాలు పెట్టారు. ఏడవలేదు. కర్మకాండలయ్యాక, బండి అమ్మేద్దామని మెల్లిగా అన్నారు. నేను కాదనలేదు. ఆవిడ లేని ఆ బండిని చూడటం నా వల్ల కూడా కావడం లేదు.

కొనడానికి వచ్చినాయన బండి మీద కప్పిన గుడ్డ తీసి, టార్చి వేసి, ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించడం మొదలెట్టాడు. "సీటు పాడైపోయిందండీ. స్టీరింగు పాడైంది. గేరు నాబ్ కూడా పాడైనట్టే."

మా ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు. "పాడవలేదండీ. అరిగాయి," అన్నారు. "మా అమ్మ వాడుకుంది. మీరు వెళ్ళిరండి, మేం అమ్మడం లేదు."

ఆయన ఆ బండిలో ఎప్పుడూ కూర్చోలేదు. ఆ మాట ఎప్పుడు విన్నారో, ఎన్నిసార్లు విన్నారో నాకు తెలియదు. బస్సుంది కదరా అంటే నవ్వి వెళ్ళిపోయిన మనిషి.

తర్వాతి వారం షోరూము నుంచి సర్వీసు గడువు వచ్చిందని ఫోను. బండి నిలబడి నిలబడి బ్యాటరీ చచ్చిపోయి ఉంది. పక్కింటి కారు నుంచి వైరు కలిపి స్టార్టు చేశాం. నేను సీటు అంచు మీద, ఆవిడ పెట్టిన చోటే చెయ్యి పెట్టి లోపలికి జారాను. మా ఆయన గేటు దగ్గరే నిలబడి, "నేనూ రానా?" అని అడిగారు, ఎవరినో బతిమాలుకుంటున్నట్టు. నేను వంగి పక్క తలుపు తీశాను.

బెజవాడలో అడ్వైజరు కబురు విని, తల వంచుకున్నాడు. సర్వీసు కాగితం మీద ఓనరు పేరు దగ్గర ఏం రాయాలో కూడా అతనికి తోచలేదు. సీటు గురించి ఏమీ అడగలేదు.

తిరిగి కరకట్ట మీదే వచ్చాను. ఆయన మోకాళ్ళు ముడుచుకుని, కృష్ణ వైపు చూస్తూ కూర్చున్నారు. శ్రీకాకుళం ఇవతల ధాన్యం ఆరబోసి ఉంది. ఆపి, ఇంజను కట్టేశాను. రైతు చెక్కపార పట్టుకుని దగ్గరికొచ్చి, వంగి లోపలికి చూశాడు.

"పెద్దమ్మగారు రాలేదాండీ?"

"లేరు బాబూ. పోయారు."

అతను తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. వెనక్కి వెళ్ళి ధాన్యం లాగడం మొదలుపెట్టాడు.

అప్పుడు పక్క సీట్లోంచి ఏడుపు వినిపించింది. అమ్మ కోసం అనుకున్నాను. అమ్మ కోసం కూడానే. కానీ ఆయన, అంత ఏడుపు మధ్యలో, ఇన్నేళ్ళకి మొదటిసారి అడిగారు.

"మన పాపకి నువ్వేం పేరనుకున్నావు?"

చెప్పాను. రోడ్డు వైపే చూస్తూ చెప్పాను, పక్కకి తిరగలేదు.

ఎదురుగా ధాన్యం రెండు పక్కలకీ ఒత్తుకుని, మధ్యలో మా బండికి సరిపడా దారి తెరుచుకుంది. రైతు పక్కకి జరిగి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. నేను బండి స్టార్టు చెయ్యలేదు. అతనూ మళ్ళీ ఊపలేదు.