అంజన్న అర చుట్టు

చరిత్రలో చాలా సామ్రాజ్యాలు ఎక్కడ ఆగాలో తెలియకనే కూలిపోయాయని పండితుల మాట. అంజన్న అర చుట్టును కూడా వాటి సరసన చేర్చవలసిందే. మర ఏదైనా సరే, బిగిసి కూర్చుని, ఇక చాలు మహాప్రభో అని కిర్రుమన్నాక కూడా ఆయన దాన్ని ఇంకో అర చుట్టు తిప్పేవాడు. ఈ ఆచారానికి మూలపురుషుడు కోరుట్లలో బోరు మోటార్లు బాగుచేసే యాదగిరి. ఒక బోల్టు వదులై ఎవరిదో మోటారు బోరులోకి జారిపోయిన నాడు, ఆయన శిష్యుడైన అంజన్న నెత్తిన మొట్టి, "సాలనిపించినంక ఇంక అర చుట్టు తిప్పాలెరా" అని ఉపదేశించాడు. ఆ ఉపదేశం అంజన్నతో పాటే విమానమెక్కి, సౌదీలోని రాబిగ్‌లో లేబర్ క్యాంపు నల్లాల మీద కొంతకాలం రాజ్యమేలి, చివరికి తాయిఫ్ కొండలకు చేరింది.

తాయిఫ్‌లో అంజన్న పని ఒక ఎయిర్‌సాఫ్ట్ మైదానంలో. సెలవు రోజున ఊళ్లోని యువకులు సిపాయి బట్టలు తొడుక్కుని వచ్చి, ఉత్తుత్తి తుపాకులతో ఒకరి మీద ఒకరు ప్లాస్టిక్ గుండ్లు పేల్చుకుంటారు. దెబ్బ తగిలినవాడు మర్యాదగా చెయ్యెత్తి పక్కకు పోతాడు. వీరత్వం వాళ్లది. ఆ తుపాకులను విప్పి, తుడిచి, బిగించే పని అంజన్నది. వంటా, బండీ కడప వైపు నుంచి వచ్చిన కాలేషావి.

సౌదీలకే ముందు ఉద్యోగాలివ్వాలనే నితాకత్ చట్టం వచ్చి, దాని వెనకే విదేశీ పనివాళ్ల మీద లెవీలు కూడా వచ్చిన కాలం. సంస్థలో ఎందరు విదేశీయులకు ఎందరు సౌదీలున్నారో చూసి సర్కారు ఒక రంగు పూసేది. పచ్చ అయితే విదేశీయుల నివాస అనుమతులు, అంటే ఇఖామాలు, రెన్యూ అవుతాయి. ఎరుపైతే ఆగిపోతాయి. మైదానానికున్న పచ్చదనమంతా ఫహద్ అనే ఒక్క సౌదీ యువకుడి చలవ. కౌంటర్ దగ్గర కూర్చుని చీట్లివ్వడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో అతను ఆవులింతలు తప్ప మరేమీ సాధించలేకపోయాడు. బావగారి ఫోన్ల షాపులో చేరిపోతానని రోజూ అనేవాడు.

ఒక ఉదయం మైదానం యజమాని, కఫీల్ అబూ రాషిద్ అంజన్నను పిలిచాడు. "ఫహద్ పోతే ఎరుపు. ఎరుపైతే నీ ఇఖామా మాఫీ, ఇక లేనట్టే. వాడికేం కావాలో కనుక్కో."

అంజన్న ఇఖామా గడువు దగ్గరపడింది. ఇంటి దగ్గర కూతురు స్వర్ణ నర్సింగు చదువు సగంలో ఉంది. కనుక ఆయన వెళ్లి కనుక్కున్నాడు. ఫహద్‌కు కావలసింది స్నైపర్ తుపాకీ. దూరపు చూపు అద్దం పెట్టుకుని, పొదలో పడుకుని, శత్రువును ఒక్క దెబ్బతో కొట్టాలి. ఇంతకు మునుపు అతను తుపాకీ పట్టింది లేదు.

రాజ్యాంగం రాసేటంత శ్రద్ధగా అంజన్న, కాలేషా ఫోన్‌లో బొమ్మలు చూశారు.

"ఇది గ్యాసుదన్నా, జోరుగుంటాది" అన్నాడు కాలేషా.

"ఈ కొండల సలికి గ్యాసు లేస్తదా? పొద్దుగాల మన సిలిండరే లేస్తలేదు."

"మరి ఇది?"

"గది బరువు. పొల్లగాడు మోసుడుకే అలిసిపోతడు. స్ప్రింగుది జూడు. బోల్టు గుంజాలె, కొట్టాలె. ఖరాబైతే సామాను యాడనైనా దొరుకుతది."

ఎంపిక నిజంగా బాగానే ఉంది. తేలికైన తుపాకీ, మొదటిసారి పట్టేవాడికి సరిపోయే స్ప్రింగు. కఫీల్ తన అనుమతి కాగితాల మీదే తెప్పించాడు. దాన్ని అలాగే ఫహద్ చేతికిచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అంజన్న బోరు మోటార్ల మనిషి. నీళ్లు పైకి రాకపోతే పెద్ద మోటారు బిగించాలన్నది ఆయన సిద్ధాంతం. పెట్టె విప్పిన రోజే లోపలి స్ప్రింగు తీసేసి గట్టి స్ప్రింగు వేశాడు. గొట్టంలో ఒక రబ్బరు ముక్క ఉంటుంది. అది గుండును పైనుంచి కాస్త ఒత్తి, అది వెనక్కి గిర్రున తిరుగుతూ తిన్నగా దూరం పోయేలా చేస్తుంది. ఆ ఒత్తిడి సరిచేసే మరను బిగించాడు. తర్వాత, ఆచారం ప్రకారం, ఇంకో అర చుట్టు.

ప్రారంభోత్సవానికి కఫీల్ కూడా వచ్చాడు. జునిపర్ చెట్టుకు ఖాళీ పాల డబ్బా వేలాడదీశారు. రాతి మీద కోతుల గుంపు కూర్చుంది. ఫహద్ పడుకుని బోల్టు లాగాడు. రాలేదు. మోకాలు ఆనించి, పళ్లు బిగించి లాగితే వచ్చింది. పేల్చాడు. గుండు కొంతదూరం బుద్ధిగా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆకాశంలోకి లేచి, కోతుల నెత్తి మీదుగా లోయలోకి పోయింది. రెండోసారి ట్రిగర్ లోపలి కొక్కెం టప్పున విరిగింది.

"హలాస్, అయిపోయింది!" అని ఫహద్ తుపాకీ కింద పెట్టాడు. "రేపటి నుంచి ఫోన్ల షాపు."

కఫీల్ అంజన్న వైపు చూసి బండెక్కాడు.

"స్ప్రింగు తక్కువైనట్టుంది" అన్నాడు అంజన్న.

"నీ తలకాయ తక్కువైంది!" కాలేషా గరిటె ఎత్తాడు. "ఆ పిల్లోడు బోల్టు లాగలేక చస్తాంటే ఇంకా గట్టిది యేస్తావా? గుండు చెట్టు కొడతాందా, సందమామను కొడతాందా? ఆ మర సంగతి సూడన్నా. నువ్వు తిప్పినావంటే మళ్లా అర చుట్టే. నీ చెయ్యి ఊరకుండదు గదా!"

"గది మా ఉస్తాదు మాట."

"మీ ఉస్తాదు బోర్లు బాగుజేసినాడు గానీ, దీన్ని జేసినాడా?"

అంజన్న కోరుట్ల సంప్రదాయాన్ని పక్కనబెట్టి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

అంజన్న పాత స్ప్రింగే తిరిగి వేశాడు. పెట్టెలో అదనంగా వచ్చిన కొక్కెం అమర్చాడు. గొట్టాన్ని గుడ్డతో తుడిచి, గట్టి రబ్బరు తీసి మెత్తటిది పెట్టి, తేలిక గుండ్ల బదులు బరువైనవి నింపాడు. గాలికి పక్కకు పోకుండా ఉండేవి అవే. ఇక మిగిలింది మర. ఇంటికి బయలుదేరబోతున్న ఫహద్‌ను కాలేషా టీ గ్లాసుతో ఆపి కూర్చోబెట్టాడు. అంజన్న స్క్రూడ్రైవర్‌ను అతని చేతికిచ్చాడు.

"నువ్వే తిప్పు. కొట్టు, సూడు, మల్ల తిప్పు. సక్కగ పోయిందంటే ఆడనే ఆపు."

ఫహద్ కొట్టాడు, చూశాడు, తిప్పాడు. గుండు డబ్బాకు కింద పోయింది. కాస్త తిప్పాడు. అంచు తాకింది. ఇంకాస్త. టంగుమంది! కోతులు లేచి నిలబడ్డాయి. ఫహద్ మళ్లీ కొట్టాడు. మళ్లీ టంగుమంది.

"ఇంక సాలు!" అన్నాడు అంజన్న. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక మర గురించి ఆ మాట అనడం అదే మొదలు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఉన్నాడు, కాలేషా పెట్టించాడు.

ఫోన్ల షాపు మాట మళ్లీ వినబడలేదు. ఫహద్ అందరికంటే ముందే వస్తున్నాడు, అందరికంటే వెనక పోతున్నాడు. మైదానం పచ్చగానే ఉంది. అంజన్న ఇఖామా ఏడాదికి రెన్యూ అయింది.

ఫహద్ పొద్దంతా పొదలోనే ఉంటున్నాడు. కౌంటర్ దగ్గర అంజన్న కూర్చుని చీట్లిస్తున్నాడు.