పెదాలు కదిలితే చాలు

మా బావది కళ్ళద్దాల షాపు. మూడు మెట్లు దిగి లోపలికి వెళ్ళాల్సిన ఇరుకు గది. ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదుటి గోడకు అక్షరాల పట్టీ, మూలన అద్దాలు అరగదీసే మిషను. ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఒక్కటే. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అందులో గాజు బిళ్ళలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం. విసుగన్నది ఎరగడు. నాకైతే ఆ గదిలో పావుగంట కూర్చుంటే తలనొప్పి వచ్చేది.

అలాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట సినిమా తీస్తానన్నాడు. ఏదో పది నిమిషాల ముక్క కాదు, రెండు గంటల సినిమా. అంతకుముందు ఆయన తీసిన వీడియో అంటూ ఉంటే, అది మా అక్క కుట్టుమిషను పాడైనప్పుడు రిపేరువాడికి పంపిన అరనిమిషం. అందులోనూ సగం ఆయన బొటనవేలే.

కథ పూర్తిగా రాయకముందే పోస్టరు వేయించాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నేను ఎగతాళి చేస్తే అక్క నవ్వి ఊరుకుంది. బావ ఏమన్నా "కానివ్వండి" అనడం ఆమెకు పెళ్ళైన నాటి నుంచీ అలవాటు. ఆ అలవాటు మీద నాకు కోపం, ఇప్పటికీ.

అద్దాలు వచ్చే చిన్న చిన్న కాగితపు కవర్ల మీద ఆయన సీన్లు రాసుకునేవాడు. ముందువైపు ఎవరిదో కంటి పవరు, వెనకవైపు కథ. ఒకసారి ఒక పెద్దాయన కొత్త అద్దాలు పట్టుకెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చి, "నాయనా, అద్దాలు బానే ఉన్నాయి గానీ, ఈ ఆడమనిషికి చివరికి ఉద్యోగం వచ్చిందా లేదా?" అని అడిగాడట. బావ ఆ మాటకు వారం రోజులు మురిసిపోయాడు.

కథ నిజంగానే ఒక ఆడమనిషిది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని పోతుంది. ఇంట్లో చెప్పదు. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, సాయంత్రం దాకా బస్టాపు బెంచీ మీద కూర్చుని ఇంటికొస్తుంది. ఆ వేషం వేయడానికి ఎవరొస్తారు, నటులకు ఇవ్వడానికి ఏముంది? అక్కే వేసింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరుగా టైర్ల షాపాయన. పక్కింటావిడగా నేను, రెండు సీన్లు, రెండింట్లోనూ కెమెరా వంక చూశాను.

మొదటి రోజే హంసపాదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తీసిందంతా మసక. లోకానికి చూపు సరిచేసే మనిషికి తన కెమెరాకు ఫోకస్ పెట్టడం చేతకాలేదు. నేను పడీపడీ నవ్వాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. మర్నాడు మళ్ళీ అదే సీను, అదే బెంచీ, అదే చీర.

అసలు పొరపాటు మాత్రం మాకెవరికీ పొరపాటుగా కనబడలేదు. పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఒకతను బావకు సలహా ఇచ్చాడు: "సినిమాలన్నిటికీ తరవాత డబ్బింగు చెప్తారు. రోడ్డు మీద గోల ఎందుకు రికార్డు చెయ్యడం, కార్డు నిండిపోవడం తప్ప?" బావ ఆ మాట వేదవాక్కు అనుకుని, సినిమా మొత్తం కెమెరాలో సౌండ్ ఆపేసి తీశాడు. షూటింగులో పలికిన మాటలు ఎంత గోలగా ఉన్నా దాచి ఉంచాలనీ, డబ్బింగులో అవి వింటూనే చెప్తారనీ మాకు తెలియదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.

అక్కకు డైలాగులు నోటికి వచ్చేవి కావు. నాలుగు మాటలు చెప్పి ఆగి, నాలుక కరుచుకునేది. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. పెదాలు కదిలితే చాలు. మధ్యమధ్యలో ఆగు, అవతలివాళ్ళు జవాబు చెప్తున్నట్టు" అన్నాడు బావ. దాంతో ఆమెకు బెరుకు పోయింది.

షూటింగు అయిపోయిన పదమూడో రోజున అక్క వంటగదిలో కూలబడింది. డాక్టరు స్కాను చూసి, ముందు బావను బయటికి రమ్మన్నాడు. కడుపులో మొదలైంది కాలేయం దాకా పాకిందట. "ఇన్నాళ్ళూ నొప్పి లేకుండా ఉండదే" అన్నాడు. గ్యాస్ అని ఏవో మాత్రలు మింగుతోందని మాకు తెలుసు. అంతకుమించి తెలియదు. తొమ్మిది వారాలు. అంతే, అక్క లేదు.

నేను బావను క్షమించలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక ఒకరోజు షాపు మెట్ల మీద నిలబడి అనేశాను. "ఊరందరి కళ్ళల్లోకీ తొంగి చూస్తావు. ఇంట్లో మనిషి ఎండిపోతుంటే కెమెరాలోంచి కూడా కనబడలేదా?" ఆయన చేతిలో ఉన్న అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

ఏడాది తరవాత ఆయనే మా ఇంటికొచ్చాడు. సగానికి సగం అయిపోయాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అడిగాడు.

"మరదలా, సినిమాకి నీ గొంతు కావాలి."

"సిగ్గు లేదా బావా నీకు?"

"లేదు. రోజూ మధ్యాహ్నం షాపు మూసి చూస్తున్నా. తను మాట్లాడుతూనే ఉంటుంది, నాకేమీ వినబడదు. ఒక్కసారి తను మాట్లాడుతుంటే వినాలి. తరవాత ఆ సినిమా ఏ గంగలో కలిసినా ఫర్వాలేదు."

ఫోనులో మా అక్కచెల్లెళ్ళ గొంతులకు తేడా ఆయనకే తెలిసేది కాదు. ఎన్నిసార్లో అక్క అనుకుని నాతో ఇంటి సంగతులు మాట్లాడేశాడు. కాదనలేకపోయాను.

డబ్బింగు స్టూడియో అంటే ఒక ఫ్లాటులో పడగ్గది. గోడలకు గుడ్ల అట్టలు, తలుపుకు బొంత. మైకు ముందు నేను, కంప్యూటరు దగ్గర సౌండతను, వెనక స్టూలు మీద బావ. ముగ్గురం ఆ ఒక్క గదిలోనే.

మొదటి సీను తెర మీదికి రాగానే నాకు నవ్వొచ్చింది. మా అమ్మకు చిన్నప్పుడే జ్వరమొచ్చి చెవులు పోయాయి. మా ఇంట్లో గొంతు ఎత్తితే లాభం లేదు. అందరం అమ్మకు ఎదురుగా నిలబడి పెదాలతోనే మాట్లాడేవాళ్ళం. అక్క పెదాలు చదవడం నాకు పుస్తకం చదివినంత తేలిక. తెర మీద అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుని, సూపర్‌వైజరును బతిమాలుతోంది కదా, అసలు ఆమె అంటున్నది "ఏడు ఎనిమిదులు యాభై ఆరు, ఏడు తొమ్మిదులు అరవై మూడు."

బావకు చెప్పాను. స్టూలు మీద నుంచి పడినంత పని చేశాడు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదలు. అక్కడి నుంచి ప్రతి సీనుకూ పసిపిల్లాడిలా ఒకటే గోల, "ఇక్కడేమంటోంది, ఇక్కడేమంటోంది?" ఒకచోట పాల లెక్క, ఒకచోట నా మీద చాడీలు. ఒకచోట "ఈయన గారికి ఇంకా ఎన్ని టేకులు కావాలో, నా నడుం విరిగింది." రెండు రోజులు నవ్వుతూ ఏడుస్తూ గడిపాం. ఆ రెండు రోజుల్లో నా కోపం చాలా వరకు కరిగింది, అబద్ధమెందుకు.

మూడో రోజు బెంచీ సీను. అక్క ఒక్కతే కూర్చుని, మళ్ళీ పనిలోకి తీసుకోమని ఫోనులో సూపర్‌వైజరును అడగాలి. కెమెరా చూస్తే జనం మూగుతారని బావ దాన్ని రోడ్డవతల మేడ మీద పెట్టి, దూరం నుంచే ముఖం దగ్గరగా కనబడేలా తీశాడు. ఆయనకు ఆమె మాట వినబడే వీలే లేదు. ఆమె చేతిలో ఫోనుకు చార్జింగు కూడా లేదు.

తెర మీద పెదాలు కదిలాయి. చూశాను.

"ఏమంటోంది?" అన్నాడు బావ.

"ఇక్కడ సరిగ్గా నువ్వు రాసిందే చెప్పింది" అన్నాను.

రాసిందే చెప్పాను. సౌండతను తల అడ్డంగా ఊపాడు. "పెదాలు కలవట్లేదమ్మా." మళ్ళీ చెప్పాను. నాలుగుసార్లు చెప్పాను. "సార్, ఈ షాటు తీసేద్దామా?" అన్నాడతను.

"అది తీసేస్తే సినిమాలో ఇంకేముంది? అంత బాగా ఎక్కడా చెయ్యలేదు తను" అన్నాడు బావ. తరవాత మెల్లగా, "మరదలా, ఏమన్నదో అదే చెప్పు" అన్నాడు.

చెప్పకుండా ఉండాల్సిందేమో. నాకిప్పటికీ తెలియదు. ఆయన అడిగింది ఆమె మాట వినాలని. నా దగ్గరున్నది ఆ మాటే. షాటు మొదటి నుంచి వేయమని, మైకు దగ్గరికి జరిగాను.

"ఏవండీ, మీతోనే మాట్లాడుతున్నా. అక్కడికి వినబడదు కదా, అందుకే చెప్తున్నా." అక్క ఆగింది, నేనూ ఆగాను. "కడుపులో నొప్పిగా ఉంటోంది. గ్యాస్ కాదు. నాకు తెలుస్తోందిగా." మళ్ళీ ఆగింది. "ఇప్పుడు చెప్తే సినిమా ఆపేస్తారు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టరు, మీ సంగతి నాకు తెలీదూ? ఇంకెన్నాళ్ళు, పది రోజులేగా. అయ్యాక చూపించుకుంటా." కళ్ళు చికిలించి మేడ వైపు చూసింది. "తెలిశాక తిడతారా?"

ఆయన నేర్పినట్టే, జవాబు కోసం ఆగింది.

"తిట్టను" అన్నాడు బావ, నా వెనక నుంచి.

"ఎండ మండిపోతోందండీ. ఇక చాలా?"

"చాలు. ఇంక చాలు. లేచి రా" అన్నాడు బావ. స్టూలు కిందపడ్డ చప్పుడైంది.

సౌండతను చెయ్యెత్తాడు. "సార్ గొంతు కూడా రికార్డైపోయింది. ఇంకోసారి చెప్దామమ్మా." షాటు ఆపడం మాత్రం మరిచిపోయాడు. షూటింగు జరిగిన ఆ రోజు నేనూ ఆ మేడ మీదే, బావ పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అక్క "ఇక చాలా?" అన్న వెంటనే ఆయన సంతోషంతో నా చెయ్యి నొక్కి, ఆమెకు కనబడేలా ఒక వేలు పైకెత్తి చూపించాడు, ఇంకొక్క టేకు అని.

తెర మీద అక్క ఆ వేలు చూసింది. సరేనని తల ఊపి, చెమట తుడుచుకుని, ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.