దగ్గిన టేపు

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

నిన్న మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్న ఒక బిహారీ కూలీ ఫోన్‌లో ఇంటికి వాయిస్ మెసేజ్ పెడుతూ, దగ్గు రాగానే బటన్ వదిలేశాడు. అప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు.

నా ఎనిమిదో ఏట నాన్న రాళ్లు కోసే పనికి మస్కట్ వెళ్లాడు. ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాడు. ఒక క్యాసెట్‌లో మాటమాటకీ దగ్గు వినిపించింది.

"ఏందే, వానికి పానం బాగలేదా?" అంది నానమ్మ.

"టేపే ఖరాబైంది అత్తమ్మా," అంది అమ్మ.

నేను దూదితో టేప్ రికార్డర్ తుడిచాను. దగ్గు పోలేదు. జవాబు క్యాసెట్‌లో నాన్నకు చెప్పాను: "నాయినా, మన టేపు దగ్గుతుంది. నానమ్మ పరేషాన్ అయితుంది. జెర కొత్తది తే."

తర్వాతి క్యాసెట్‌లో దగ్గు లేదు. మాటల మధ్య టక్కుమని చప్పుడు మాత్రం ఉంది. టేపు నేనే బాగుచేశానని మా బస్తీ మెట్టుగూడ అంతా చాటాను. దగ్గు వచ్చినప్పుడల్లా నాన్న రికార్డింగ్ ఆపేవాడని, ఆయన పాడైన ఊపిరితిత్తులతో తిరిగొచ్చాక గానీ తెలియలేదు.

ఒక్కటి కల్పించాను. టేపు ఖరాబైందని నానమ్మతో అన్నది అమ్మ కాదు, నేను. అమ్మ నా వంక చూసి సౌండ్ తగ్గించింది.