వీపుతో ఆట చూసే మామయ్య

మా టైలరు మామయ్యకున్న బాస్కెట్‌బాల్ పిచ్చి గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మా పేట అమ్మాయిల జట్టు ఈ ఏడాది పన్నెండు ఆటలు ఆడితే, పన్నెండింటికీ అందరికంటే ముందు వెళ్ళి మొదటి వరస పట్టాడు. చూసింది మాత్రం ఒక్కటే. మిగతా పదకొండూ కోర్టుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

అదేమిటని అడిగితే, “నా చూపు మంచిది కాదురా. నేను చూస్తే పడే బంతి కూడా పడదు,” అనేవాడు.

ఆయన అలా తిరిగి కూర్చుంటే ఎదురుగా ఉండేది రెండో వరసలోని పోస్ట్‌మాన్‌గారు. ఓ రోజు ఆయనకి ఒళ్ళు మండింది.

“ఏవండీ, ఆట నా మొహం మీదేమైనా జరుగుతోందా?”

“జరుగుతోందండీ. మీ మొహం చూస్తే మనవాళ్ళు రెండు పాయింట్లు వెనకబడ్డట్టున్నారు.”

నిజంగానే రెండు పాయింట్లు వెనకబడ్డారు.

మిగతా సమాచారం అందించే ఖర్మ నాది. నాకా ఆట ఓనమాలు కూడా తెలియవు. పైగా జట్టు బనీన్లన్నీ కుట్టింది తనే కాబట్టి మామయ్యకి ఆటగాళ్ళందరూ కొలతల్లోనే తెలుసు.

“బంతి ఎవరి దగ్గరుంది?”

“పొడుగమ్మాయి దగ్గర.”

“పద్నాలుగున్నర భుజమా, పదిహేనా?”

“టేపు తేలేదు మామయ్యా.”

పదమూడున్నర భుజం మాత్రం ఒక్కతే, కెప్టెన్. పదహారేళ్ళ పిల్ల, జట్టులో అందరికంటే పొట్టి. పేటంతా సిసింద్రీ అంటుంది. “పదమూడున్నర అంగుళాల భుజంరా! దాని మీద జట్టంతటినీ మోస్తోంది,” అని మామయ్య వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఏ జట్టుకీ లేని విధంగా, కెప్టెన్ గుర్తుగా ఆ భుజం మీద ఎర్ర పట్టీ ఒకటి కుట్టి పెట్టాడు. పరుగులో నలుగురిని తప్పించుకుని బంతి వేసే ఆ పిల్లకి ఒక్కటే బలహీనత. ఫ్రీ త్రో అని గీత దగ్గర ఒంటరిగా నిలబడి వేయమంటే, బంతి రింగులో తప్ప అన్నిచోట్లా పడేది.

ఫైనల్ ముందురోజు నేను ప్యాంటు కొలతలివ్వడానికి కొట్టుకి వెళ్ళాను. మామయ్య టేపు నా నడుం చుట్టూ తిప్పి గోడ గడియారం కేసి చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే. “మనిషిని చూస్తూ కొలిస్తే పొట్ట లోపలికి లాగేస్తారు. ఆ కొలతకి కుడితే భోంచేసిన రోజు పనికిరాదు,” అంటాడు.

అంతలో సిసింద్రీ బనీను పట్టుకుని వచ్చింది.

“మామయ్యా, ఈ పట్టీ విప్పేయండి. గీత దగ్గర నేను తప్పడం వల్లే రెండు ఆటలు పోయాయి. కెప్టెన్‌గా నేనుండను.”

మామయ్య గబగబా మిషన్ ముందు కూర్చున్నాడు. “మిషన్ పాడైంది తల్లీ,” అన్నాడు, టకటకా తొక్కుతూనే.

కుట్లు విప్పడానికి బ్లేడు చాలు కదా అని ఆ పిల్లా అనలేదు, నేనూ అనలేదు.

“అయితే రేపు కూడా తప్పితే విప్పేస్తారుగా?”

“అలాగేలే,” అన్నాడు మామయ్య.

ఫైనల్లో సరిగ్గా అదే వచ్చిపడింది. ఒక్క పాయింటు వెనకబడ్డాం, ఆట అయిపోవస్తోంది. సిసింద్రీకి రెండు ఫ్రీ త్రోలు, ఒక్కోదానికి ఒక్క పాయింటు.

“ఈ ఒక్కసారైనా ఇటు తిరుగు మామయ్యా. ఆ పిల్లకి ధైర్యంగా ఉంటుంది.”

“ధైర్యం కోసమేరా తిరగనిది,” అన్నాడు. “మొదటి ఆటలో చూశాను. అందరి కళ్ళూ మీద పడేసరికి దాని భుజాలు చెవుల దాకా వెళ్ళిపోయాయి. చేతులు బిగిశాక బంతెలా పడుతుంది? ఒక జత కళ్ళయినా తగ్గనీ అనుకున్నాను.”

“మరి ఆటంతా ఎందుకు తిరగడం?”

“సరిగ్గా అప్పుడే తిరిగితే, తన కోసమేనని తెలిసిపోదూ?”

ఇన్ని ఆటలపాటు ఈయన్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది. నేనూ తిరిగి కూర్చున్నాను. పోస్ట్‌మాన్‌గారు మా మాటలు విని తనూ తిరిగి, వెనకాయన చెవిలో వేశారు. ఒక్కో వరసే తిరుగుతూ మా వైపు జనమంతా గోడకి ఎదురైపోయాం. అవతలి జట్టువాళ్ళు ఇదేమిటో తెలియక, గోడ మీద ఏముందోనని మెడలు చాచి వాళ్ళూ మా గోడనే చూశారు. ఆ పిల్లని చూసే నాథుడే లేడు. అరుపులు కూడా ఆగిపోయాయి.

వల సర్‌మంది. కాసేపటికి మళ్ళీ సర్‌మంది.

ఆ రెండు బంతులూ ఎలా పడ్డాయో మా పేటలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పోస్ట్‌మాన్‌గారు మాత్రం రెండోది రింగు చుట్టూ మూడుసార్లు తిరిగి పడిందని ఇంటింటికీ ఉత్తరాలతోపాటు పంచుతున్నారు.

మర్నాడు సిసింద్రీ కొట్టుకి వచ్చింది. “మిషన్ బాగైందా మామయ్యా?”

“ఎక్కడమ్మా, ఇప్పట్లో బాగయ్యేలా లేదు,” అన్నాడు మామయ్య మిషన్ తొక్కుతూ.

“పోనీలెండి. వచ్చే ఏడాది బనీనుకి కొలత తీసుకోండి.”

మామయ్య లేచి, గడియారం కేసి చూస్తూ టేపు పట్టాడు. వేలితో పట్టుకున్న చోట అంకె చూసుకుని మురిసిపోయాడు.

“పద్నాలుగు,” అన్నాడు.