లెక్కకి ఒక్కరే

బళ్లో ఆవిడకి గుండీల టీచరని పేరు పడిపోయింది. ఆరేళ్ల పిల్లలకి లెక్క నోటితో చెబితే చెవికెక్కదని, చేతికి గుండీలిస్తుంది. ఏ రంగుకా రంగు వేరు చేయించి, నేల మీద వరుసలుగా పేర్పించి, ఏవి ఎక్కువో ఏవి తక్కువో కళ్లకి కట్టిస్తుంది. ఇన్ని గుండీలు ఎక్కడివంటారా? ఇంట్లో ఆయన చొక్కాలనడగండి. ఆయనకి పని పోయి ఐదు నెలలైంది. "పిన్నీసులు పెట్టుకుని వెళ్తే నాకెవడిస్తాడే ఉద్యోగం?" అని రోజూ గొణుగుతూనే గడప దాటతాడు.

ఆవిడదీ గట్టి ఉద్యోగమేం కాదు. తొమ్మిదేళ్లుగా తాత్కాలికమే. ఏటా తనిఖీ సారు వచ్చి, పాఠం చూసి సంతకం పెడితేనే ఉంటుంది. లేదంటే రేపట్నుంచి ఇద్దరూ కలిసే పని వెతుక్కోవాలి.

ఈసారి వచ్చిన సారు భారీ మనిషి. ఉన్న ఒక్క కుర్చీకీ కాలు విరిగింది కనక, పిల్లల బెంచీలోనే ఎలాగో ఇరుక్కుని కూర్చున్నారు.

వరుసలు సిద్ధమయ్యాయి. తెల్ల చొక్కా గుండీలు తొమ్మిది. నల్ల కోటు గుండీలు ఐదు, ఒక్కోటీ అప్పచ్చంత.

"ఏవి ఎక్కువ?" అన్నారు సారు.

"నల్లవి సార్!" అని పైకప్పు ఎగిరేలా అరిచారు పిల్లలు.

టీచరు వరుసల వంక చూసింది. నిజమే, నల్ల వరుసే పొడుగ్గా ఉంది! గుండీకో సమానమైన గడి గీయాలన్న ఇంగితం ఈ కంగారులో ఎటు పోయింది? సారు పెన్ను మూత తీశారు.

"కాదు," అంది ముక్కు తుడుచుకుంటూ ముందు వరస బుడ్డది. "నల్లవి లావువి. అందుకే జాగా ఎక్కువ తిన్నాయి."

"అయితే?" అన్నారు సారు.

"మీరు చూడండి, ముగ్గురి జాగాలో కూర్చున్నారు. అయినా లెక్కకి ఒక్కరేగా!"

టీచరు కళ్లు మూసుకుంది. అయిపోయింది. తొమ్మిదేళ్లూ గంగలో కలిశాయి.

సారు పొట్ట ముందు కదిలింది. తర్వాత బెంచీ కదిలింది. ఆయన పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వుకి తాళలేక చొక్కా నడుమ తెల్ల గుండీ టప్పున ఎగిరి నేల మీద పడింది. బుడ్డది చటుక్కున దాన్నేరి తెల్ల వరుస చివర పెట్టేసింది.

"తెల్లవి పది!"

సారు సంతకం పెట్టారు. మళ్లీ ఒక్క ఏడాదికే. లేచి, పొట్ట దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "అమ్మడూ, నా గుండీ..." అన్నారు.

"లెక్కలోకి వెళ్లిపోయింది సార్."

టీచరు సంచీలోంచి ఇంటాయన పిన్నీసొకటి తీసి ఇచ్చింది.