పోని నీలం

పుక్కిలించిన ప్రతిసారీ గొర్రెలు మేపే ఆ అవ్వ నావైపు తిరిగి, వేలితో బుగ్గ సాగదీసి చూపించేది. "పోయిందా, సూడమ్మా?" అని అడిగేది.

ఎనభైల్లో నేను తమిళనాడులోని కృష్ణగిరిలో ఒక ఆసుపత్రిలో నర్సును. నోట్లో మానని పుండుతో వచ్చినవాళ్లకు నీలం మందు పూసి పుక్కిలించమనేదాన్ని. ఆ రంగు కణాల్లోని డీఎన్ఏకు అంటుకుంటుంది. క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ ఎక్కువ కాబట్టి, మంచి చోట రంగు కడిగితే పోతుంది, చెడిన చోట నిలిచిపోతుంది. అవ్వకు పొగాకు దాచుకునే ఎడమ బుగ్గలో నిలిచిపోయింది. చిన్న అద్దం పట్టి చూపించాను.

చాలాసేపు చూసుకుంది. "మా పక్క పోచంపల్లి సంతలో గొర్రెను కొన్న కసాయోడు దాని మింద ఇట్లే రంగు ఏస్తాడమ్మా. ఏసినాక అది మాది కాదు" అంది.

పుండులోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి, మర్నాడే రమ్మన్నారు డాక్టరు. అవ్వ వారం దాటాక వచ్చింది, నవ్వుకుంటూ. బుగ్గ లోపలంతా గీరుకుపోయి నెత్తురు ఊరుతోంది.

"ఉప్పూ బూడిదా ఏసి తోమినాను. రంగంతా పోయింది. ఇంక నన్ను యాడికీ తోలుకపోలేరు గదమ్మా?"

"అవ్వా, ఆ రంగు తోమకపోయినా నాలుగు రోజులకు పోతుంది. పుండు పోదు" అన్నాను.

ముక్క ఎక్కడ తీయాలో తెలియాలి, మళ్లీ పూయమన్నారు డాక్టరు. నేను సీసా మూత తీశాను. అవ్వ నోరు తెరిచింది. పూశాక పుక్కిలించి ఉమ్మింది.

ఈసారి నావైపు తిరగలేదు.